అమ్మ ఎదురుగా కూర్చున్న వేసవి

మా నాన్న వాయుసేన నుంచి ఇంటికొచ్చేసిన వేసవిలో, ఎవరు ఏమడిగినా 'సరే' అనేవాడు. బావి కింద ఎకరంలో టమోటా నాటుదామా, వేరుశనగ వేద్దామా అని అవ్వ అడిగితే సరే. పక్కింటి అక్కమ్మ, తన కాకర తీగ మా గోడ మీదికి పాకింది, ఉంచనా పీకెయ్యనా అని అడిగితే సరే. రెండిట్లో ఏది సరే అని అవ్వ విసుక్కుంటే, నవ్వి చెయ్యి ఊపి, చేతిలో పత్రిక మడిచి లేచిపోయేవాడు. పట్టింపులు లేని మనిషి అని కొందరన్నారు. మిలట్రీ గర్వం, మనతో మాట్లాడ్డం నామోషీ అని ఎక్కువ మంది అన్నారు. నాకు మాత్రం ఆ 'సరే' మీద మొదటి వారం నుంచే ఏదో అనుమానం. అనుమానం కంటే కుతూహలమే ఎక్కువ.

అది 1998. నాకు ఇరవై ఒకటి. మదనపల్లెలో డిగ్రీ ముగించి, బి.ఎడ్. ప్రవేశ పరీక్ష రాసి, ఫలితం కోసం పుంగనూరులో ఇంట్లో కూర్చుని ఉన్నాను. నాన్న పేరు మునిరాజు. పద్దెనిమిదేళ్ళకు వాయుసేనలో చేరి, ఇరవై తొమ్మిదేళ్ళు విమానాల ఇంజన్లు విప్పి బిగించిన ఫిట్టరు. ఏడాదికి రెండు నెలలు సెలవు మీద వచ్చి పోయేవాడు. నేను పుట్టినప్పటి నుంచి ఆయన్ని చూసిన రోజులన్నీ కలిపితే మూడున్నరేళ్ళకు మించవు. ఇంకా ఏడేళ్ళ సర్వీసు ఉండగానే ఆ ఏప్రిల్లో రెండు నల్ల ఇనప పెట్టెలతో బస్సు దిగాడు. ముందే ఎందుకు వచ్చేశావని ఎవరూ అడగలేదు. అమ్మకు అడగాలనిపించలేదు. తన కోసమే వచ్చేశాడనుకుంది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. అత్త ఎదుట కోడలు మొగుడికి ఎదురుగా నిలబడి మాట్లాడకూడదు. అమ్మ పెళ్ళయి వచ్చిన నాడు అవ్వ గంగులమ్మ పెట్టిన పద్ధతి అది. ఇరవై మూడేళ్ళు గడిచినా అలాగే నడిచింది. నాన్న లేని పది నెలలూ అమ్మే పొలం చూసేది. మదనపల్లె మార్కెట్టుకు టమోటా గంపలు తీసుకుపోయి, దళారులతో ముఖం మీద ముఖం పెట్టి పోట్లాడేది. కరెంటు ఆఫీసులో లైన్‌మన్ వచ్చేదాకా మెట్ల మీద కూర్చునేది. అలాంటి అమ్మ, వరలక్ష్మి, నాన్న ఇంటికొస్తే మాత్రం వంటింట్లో పొయ్యి వైపు తిరిగి, గొంతును మాత్రమే వసారాలోకి పంపేది. నాన్న ఆ గొంతుకు 'ఊఁ' అనో 'సరే' అనో జవాబిచ్చేవాడు. నాకు తెలిసిన వాళ్ళ సంసారం అంతే.

ఆయన్ని గమనించడం నాకు పనిలేని ఆ రోజుల్లో ఒక పని అయింది. వసారాలో నాలుగు కుర్చీలున్నా, ఎప్పుడూ గోడకు వీపు ఆనే కుర్చీలోనే కూర్చునేవాడు. నేను వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. అదే అవ్వ చేతికర్ర నేల మీద ఒక్కసారి కొడితే చటుక్కున తిరిగేవాడు. కుక్కర్ విజిల్ వేస్తుంటే దాని పక్కనే నిలబడి నీళ్ళు తాగి వచ్చేవాడు, స్టవ్ కట్టేయాలన్న ఆలోచనే రానట్టు. వీధి చివర లారీ తిరిగితే మాత్రం తలెత్తి చూసేవాడు.

పెరట్లో పశువుల పాకను ఖాళీ చేసి పనిముట్లకు పెట్టుకున్నాడు. గోడకు సున్నం వేసి, ప్రతి స్పానరు చుట్టూ బొగ్గుతో గీత గీసి, ఆ గీతలోనే మేకు కొట్టి తగిలించాడు. ఏదైనా తీస్తే దాని ఆకారం మాత్రం గోడ మీద మిగిలేది. ఇదెందుకని అడిగితే, విమానం కడుపులో ఒక్క స్పానరు మరిచిపోతే మనుషులు చస్తారని, అందుకే సాయంత్రం గోడ వైపు చూస్తే ఏది తక్కువో కనపడాలని చెప్పాడు. ఆ మాటలు నేను ఆయన ముందు నిలబడి అడిగినప్పుడు చెప్పినవి. ముందు నిలబడితే ఎప్పుడూ సరైన జవాబే వచ్చేది. ఆ తేడా అప్పటికి నాకు తట్టలేదు.

మే మొదటి వారంలో మా బావి మోటరు మొరాయించింది. తిరుగుతోంది గానీ, నీళ్ళు సగమే ఎక్కుతున్నాయి, గంటలో వేడెక్కి ఆగిపోతోంది. మెకానిక్ నాగరాజు వచ్చి చూసి వైండింగు కాలిందన్నాడు, మదనపల్లెకు తీసుకుపోవాలన్నాడు. నాన్న ఇంటికి వెళ్ళి, మూరెడు పొడుగున్న స్క్రూడ్రైవరు తెచ్చాడు. మోటరు నడుస్తుండగా దాని మొనను వెనక మూత మీద ఆనించి, పిడిని పళ్ళ మధ్య కరిచిపట్టి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ముందు మూత మీద పెట్టి అలాగే చేశాడు. వైండింగు బాగానే ఉందని, వెనక బేరింగులో గుండు ఒకటి పగిలిందని చెప్పాడు. నాగరాజు నమ్మలేదు. విప్పి చూస్తే గుండు రెండు ముక్కలై ఉంది.

పళ్ళతో ఎందుకు వింటావని దారిలో అడిగాను.

"చెవి గాల్లోది వింటాది. గాల్లో వంద సద్దులుంటాయి," అన్నాడు నాన్న. "ఎముకకు పట్టించినామంటే ఒక్కటే వినపడతాది."

నన్నూ చూడమన్నాడు. మరునాడు బావి దగ్గర స్క్రూడ్రైవరు పిడి కరిస్తే, నా పుర్రె లోపల తేనెతుట్టె కదిలినట్టయింది. నేను బెదిరి వదిలేస్తే నాన్న నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం గర్వం ఉంది.

నాగరాజే ఊరంతా చెప్పాడు. పది రోజుల్లో బి.కొత్తకోట నుంచి, పెద్దమండ్యం నుంచి రైతులు రావడం మొదలుపెట్టారు. మా నాన్నకు మోటార్లు చెప్పే మాట వినపడుతుందని, అలాంటి చెవి జిల్లాలో లేదని అనుకున్నారు. ఎండాకాలం బావులు అడుగంటే రోజులు, మోటారు ఆగితే పంట పోతుంది. వాళ్ళు ఎంత ఆదుర్దాగా మాట్లాడినా నాన్న మధ్యలోనే చెయ్యి చూపి ఆపి, మోటరు చూపించమనేవాడు. మాటలు అక్కర్లేదు, యంత్రం చాలు అన్నట్టుండేది. గర్వం అన్నవాళ్ళే ఇప్పుడు అది పనితనం అన్నారు.

ఆ నెలలోనే కుప్పం నుంచి కృష్ణప్ప అనే ఆయన కొడుకు పెళ్ళి పత్రిక ఇవ్వడానికి వచ్చాడు. వాయుసేనలో నాన్నతో పాటు ఒకే స్టేషన్‌లో వైద్య విభాగంలో పనిచేసి, మూడేళ్ళ ముందు రిటైరైన మనిషి. ఆయన కుర్చీని నాన్న కుర్చీకి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. ప్రతి మాటకు ముందు నాన్న మోకాలి మీద వేలితో తట్టి, ఆయన తల ఎత్తాకే మాట్లాడేవాడు. వాళ్ళు రెండు గంటలు మాట్లాడుకున్నారు. నాన్న అంతసేపు మాట్లాడ్డం, నవ్వాల్సిన చోట నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు. ఆ మధ్యాహ్నం ఒక్క 'సరే' కూడా వినపడలేదు. మజ్జిగ ఇవ్వడానికి పోయినప్పుడు కృష్ణప్ప మోకాలి మీద తట్టడం చూసి, ఇదేం అలవాటో అనుకున్నాను.

తర్వాత వారం ఉత్తరం వచ్చింది. బెంగుళూరులో చిన్న విమానాలు బాగుచేసే ప్రైవేటు కంపెనీ ఒకటి నాన్నకు ఉద్యోగం ఇస్తామంది. ముందు వైద్య పరీక్షకు రమ్మని సోమవారం తేదీ ఇచ్చింది. నాన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ ఉత్తరం చదివి వినిపించాడు. అవ్వ సంతోషించింది. వంటింట్లో అమ్మ మాకు వీపు పెట్టి సంగటి కెలుకుతోంది. కట్టె ఆపకుండానే మాట్లాడింది.

"ఇంక నువ్వు పోవద్దు మామా. ఇరవై మూడేండ్లు ఒక్కదాన్నే ఈదినా. ఈసారి పోతే నేనీ ఇంట్లో ఉండను."

అమ్మ అంత మాట అనడం అదే మొదలు. అవ్వా నేనూ వంటింటి వైపు తిరిగాం. మేం తిరగడం చూసి నాన్న కూడా అటు చూశాడు. తర్వాత నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పళ్ళెంలో చెయ్యి పెట్టి, "సరే," అన్నాడు.

ఆ వారమంతా అమ్మ కొత్త మనిషి. ఒకనాడు పూర్ణం రుబ్బి ఓళిగలు చేసింది. పాక పక్కన ఒక గది కట్టుకుందామని నాతో అంది. మోటార్ల పనికి వచ్చేవాళ్ళు ఎండలో నిలబడుతున్నారు గదా, వాళ్ళకు నీడ ఉంటుందని. బుట్టెడు మల్లెలు కొని మాల కట్టి, కొంచెం అవ్వకు కూడా పెట్టింది. సోమవారం ఇంకా నాలుగు రోజులుందనగా, గురువారం పొద్దున నాన్న నల్ల పెట్టె లాగి, తెల్ల చొక్కాలు మడవడం మొదలుపెట్టాడు. అమ్మ గడప లోపల నిలబడి చూసింది. ఆ గదిలో అవ్వ లేదు. నాన్న అమ్మకు ఎదురుగానే ఉన్నాడు.

"యాడికి?" అంది.

"సోమవారం మెడికల్ ఉండాది గదా. ఆదివారం పోతాండాను."

"పోనంటివి."

"నేనెప్పుడంటి?"

"పోవద్దంటే సరే అంటివి. ఆ పొద్దు, అన్నం తింటా."

నాన్న చేతిలో చొక్కా సగం మడతలోనే ఆగింది. కోపం రాలేదు, తప్పు చేసిన మనిషిలానూ లేడు. తాళం వేసి పోయాననుకున్న ఇంటి తలుపు తెరిచి ఉండడం చూసినవాడిలా నిలబడిపోయాడు. అమ్మ వైపు, నా వైపు చూశాడు. ఏదో చెప్తాడనుకున్నాను. చివరికి, తనకు పోక తప్పదని, అక్కడ తనకు పని ఉందని మాత్రం అన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. సాయంత్రానికి తన చీరలు నాలుగు సంచిలో పెట్టుకుంది. నాన్న ఆదివారం బెంగుళూరు పోతే, సోమవారం తను పలమనేరు, పుట్టింటికి పోతానంది. అవ్వ అరిచింది. అమ్మ సంచి మూతి కట్టింది.

నాకు ఆ ఆగిపోయిన చొక్కానే కళ్ళ ముందు తిరిగింది. అబద్ధం చెప్పే మనిషి అలా ఆగడు. ఆయన నిజంగానే ఎప్పుడన్నానా అని వెతుక్కున్నాడు. ఎండ తగ్గాక పాక దగ్గరికి వెళ్ళాను. నాన్న నాకు వీపు పెట్టి స్పానర్లు నూనె గుడ్డతో తుడుస్తున్నాడు. మూడు బారల దూరంలో నిలబడి, మామూలుగా పిలిచే గొంతుతో పిలిచాను. పలకలేదు. ఇంకోసారి పిలిచాను. తర్వాత, "నాన్నా, నీ కాలి కాడ పాముండాది," అన్నాను.

ఆయన చేతిలో స్పానరును దాని గీతలో తగిలించి, ఇంకొకటి తీసుకున్నాడు.

గోడవతల నుంచి అక్కమ్మ మాత్రం కట్టె పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. కంగారుగా ఆమె ఎదురుగా వచ్చేసరికి నాన్న ఉలిక్కిపడ్డాడు. ఆమె నేలంతా వెతుకుతూ, పాము యాడుండాదప్పా అని తల వంచుకునే అడిగింది. నాన్న ఆమెకు నవ్వుతూ, "సరే సరే," అన్నాడు.

నేను పాము వెళ్ళిపోయిందని అక్కమ్మకు చెప్పి పంపాను. నాన్నతో ఏమీ అనలేదు. ఇరవై ఒక్క ఏళ్ళ ఆడపిల్ల తండ్రిని, నీకు చెవుడా అని ఎలా అడుగుతుంది? పెళ్ళి పత్రిక మీద కృష్ణప్ప అడ్రసు ఉంది. శుక్రవారం పొద్దున స్నేహితురాలి ఇంటికని చెప్పి పలమనేరు బస్సెక్కి, అక్కడ మారి, మధ్యాహ్నానికి కుప్పం చేరాను.

రైల్వే స్టేషన్ దగ్గర ఆయనకు చిన్న మందుల అంగడి ఉంది. ఒకరితో అరవంలో, ఇంకొకరితో కన్నడంలో మాట్లాడి మందులిచ్చి పంపుతూ నన్ను గుర్తుపట్టాడు. నేను పాము సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. అంగడి తలుపు సగం దించి, నాకు స్టూలు వేసి, ఇంట్లో ఇంకా తెలియదా అని అడిగాడు.

ఆయన చెప్పిందంతా ఇది. ఇంజన్ల హోరులో ఏళ్ళ తరబడి ఉంటే చెవిలో నరం చచ్చిపోతుంది. నాన్నకు ఎనభై మూడు నుంచి మొదలైంది. ముందు సన్న గొంతులు పోయాయి. ఆడవాళ్ళవి, పిల్లలవి. తర్వాత మిగతావి. ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టుకోవడం తనే నేర్చుకున్నాడు. వాయుసేనలో ప్రతి ఏడూ వైద్య పరీక్ష ఉంటుంది. మనిషిని అటు తిప్పి నిలబెట్టి, ఇరవై అడుగుల దూరం నుంచి గుసగుసగా అంకెలు చెప్తారు. అతను వాటిని తిరిగి చెప్పాలి.

"అంకెలు చెప్పేది నేనే. ప్రతి ఏడూ అవే అంకెలు చెప్తా ఉంటి, నా తర్వాత వచ్చినోడికీ అదే చెప్పి వస్తి," అన్నాడు కృష్ణప్ప. "తప్పే తల్లీ. కాదన్ను. చెవి పోయిందని రాస్తే ఆయన్ని ఇంజన్ దగ్గరికి రానీరు, స్టోర్లో కూసోబెడతారు. ఇంజన్ లేకుంటే మునిరాజు ఏమైపోతాడో అనుకుంటిమి."

ముందే ఎందుకు వచ్చేశాడో కూడా ఆయనే చెప్పాడు. నాన్న రాసిన ఉత్తరంలో చదివాడట. పోయిన డిసెంబరులో షెడ్డు ముందు విమానం ఒకదాన్ని వెనక్కి తోస్తున్నారు. దారిలో నాన్న వంగి ఏదో చూస్తున్నాడు. నలుగురూ అరిచారు. ఆయన కదల్లేదు. ఒక ఎయిర్‌మన్ దూకి ఆయన్ని పక్కకు నెట్టాడు. విమానం రెక్క తగిలి ఆ అబ్బాయి ముంజెయ్యి విరిగింది. మరునాడు నాన్న తనంతట తానే రిటైర్మెంటుకు కాగితం పెట్టాడు. కారణం దగ్గర ఇంటి పరిస్థితులు అని రాశాడు.

అయితే మళ్ళీ అదే పనికి ఎందుకు పోతున్నాడు, అక్కడ పరీక్షలో దొరికిపోడా అని అడిగాను.

"దొరుకుతాడు. ఆడ చెవులకు మిషను పెట్టి చూస్తారు. ఆయనకూ తెలుసు," అన్నాడు కృష్ణప్ప. "ఇంజన్ మోగతా ఉంటే ఆడ అందరూ చెవిటోళ్ళే గదమ్మా. చేతుల్తోనే మాట్లాడుకుంటారు. మీ నాయనకు ఆడ ఏ కొరతా లేదు. చెవుడంతా ఇంటికొస్తేనే."

ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగితే, మొదట ఉద్యోగం కోసం దాచాడనీ, తర్వాత అదే అలవాటైపోయిందనీ అన్నాడు. బస్సు దాకా వచ్చి, అమ్మకు తను చెప్పిన సంగతి నేనే చెప్పాలన్నాడు. తనకు ధైర్యం లేదన్నాడు.

శనివారం పొద్దున అమ్మ మదనపల్లె మార్కెట్టుకు టమోటా కోస్తోంది. సాలు ఇవతల నేనూ కోస్తూ, కుప్పం పోయిన సంగతి, కృష్ణప్ప చెప్పిన సంగతి చెప్పాను. అమ్మ చెయ్యి ఆగలేదు. ఒక్కో కాయ తుంచి గంపలో వేస్తూనే ఉంది. ఏ చెవి అని అడిగింది. రెండూ అన్నాను. ఎప్పటి నుంచి అని అడిగింది. ఎనభై మూడు నుంచట అన్నాను. అప్పుడు చెయ్యి ఆగింది. గట్టు మీద కూర్చుంది.

"అయితే ఆ పొద్దు ఇనలేదు," అంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ వారం రోజులు మదనపల్లె ఆసుపత్రిలో ఉండడం నాకు లీలగా గుర్తుంది. జ్వరమని చెప్పారు. అది జ్వరం కాదట. ఏడో నెలలో కాన్పయింది. మగబిడ్డ, చనిపోయే పుట్టాడు. విమానాల మధ్య పనిచేసే మనిషికి ఇలాంటిది జాబులో రాయకూడదని అవ్వ ఒట్టు వేయించుకుంది. నాలుగు నెలల తర్వాత నాన్న సెలవు మీద వచ్చినప్పుడు, అందరూ పడుకుని దీపం ఆర్పాక, అమ్మ ఆ చీకట్లో చెప్పింది.

"అంతా చెప్పినా. ఊఁ అన్నాడు. అటు తిరిగి పండుకున్నాడు," అంది అమ్మ. "పన్నెండేండ్లు నేను ఆ మనిషిని రాయి అనుకున్నా."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గంప అక్కడే వదిలేసి లేచింది. నేను గంప ఎత్తుకుని వెనక నడిచాను. ఇంటికొచ్చి తొట్టి దగ్గర చేతులకంటిన ఆకు పసరు పోయేదాకా రుద్ది కడుక్కుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, వంటింట్లో తను కూర్చునే ముక్కాలి పీట చేత్తో పట్టుకుని గడప దాటింది.

వసారాలో నాన్న గోడకు వీపు పెట్టి పత్రిక చదువుతున్నాడు. అవ్వ మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వీధి తలుపు తెరిచే ఉంది. అమ్మ పీట నాన్న ముందు వేసి, ఎదురుగా కూర్చుంది. పత్రిక పక్కకు తీసి నేల మీద పెట్టింది. ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. నాన్న ముందు అవ్వ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆయనకు అర్థమైంది.

"నన్ను సూడు," అంది అమ్మ. "నేను చెప్పేది సూడు."

మొదట వైద్య పరీక్ష సంగతీ కాదు, ఉద్యోగం సంగతీ కాదు. ఎనభై ఆరు నుంచి మొదలుపెట్టింది. నొప్పులు ఏ పూట వచ్చాయి, బండి ఎవరిది, ఆసుపత్రిలో ఏ గదిలో పడుకోబెట్టారు, అన్నీ వరసగా, గట్టిగా కాకుండా, పెదాలు బాగా కదిలిస్తూ చెప్పింది. అవ్వ చేతిలో చింతపండు వదిలేసి, ఇప్పుడెందుకే ఆ మాటలు అంది. అమ్మ ఆగలేదు. అవ్వ వైపు తిరగనూ లేదు. తిరిగితే నాన్నకు మాట తెగిపోతుంది. కాసేపటికి అవ్వ కర్ర అందుకుని, మమ్మల్ని ఎవరినీ చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో అవ్వ తనంతట తాను చోటివ్వడం నేను చూసింది అదే.

నాన్న కళ్ళు అమ్మ నోటి మీదే ఉన్నాయి. ఆమె మాటలకు ఆయన పెదాలు కూడా కొద్దికొద్దిగా కదిలాయి, చదువు నేర్చుకునే పిల్లవాడికి కదిలినట్టు. మగబిడ్డ అన్నచోట కదలడం ఆగింది. అమ్మ అర్థం కాలేదేమోనని ఆ మాట మళ్ళీ చెప్పింది. ఆయన తెలిసిందన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి అలాగే కొంతసేపు గాల్లో ఉండిపోయింది.

అమ్మ అంతా చెప్పి ముగించింది. వీధిలో సైకిలు మీద ఎవరో ఐసు అమ్ముకుంటూ పోయారు. ఆ కేక అణిగిపోయాక ఆయన ఒక్కటే అడిగాడు.

"ఎవురి మాదిరి ఉండె?"

"నీ మాదిరే," అంది అమ్మ. "నుదురు నీదే."

నేను పెరట్లోకి వచ్చేశాను. ఇంకేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తిరిగి వెళ్ళేసరికి పొయ్యి మీద ఏమీ లేదు, ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఆ సాయంత్రం నాన్న రెండు ఉత్తరాలు రాశాడు. ఒకటి బెంగుళూరు కంపెనీకి. తన చెవులు పనికిరావని, అందుకే రాలేనని అందులో ఉంది. రెండోది చెయ్యి విరిగిన ఎయిర్‌మన్‌కు. అది నాకు చూపించలేదు. సోమవారం పొద్దున అమ్మ పలమనేరు సంచి విప్పి, చీరలు అటక మీద పెట్టుకుంది. మోటార్ల పనికి వచ్చినవాళ్ళతో నాన్న, నాకు వినపడదు, ఎదురుగా నిలబడి చెప్పండని తనే చెప్పడం మొదలుపెట్టాడు. కొందరు నమ్మలేదు. నమ్మినవాళ్ళు కూడా రావడం మానలేదు.

జూన్ చివర అమ్మా నాన్నా బెంగుళూరులో మిలట్రీ ఆసుపత్రికి పోయి చెవి మిషను తెచ్చుకున్నారు. అది పెట్టుకుంటే కాకులూ పళ్ళేలూ బస్సు హారన్లూ ఒక్కసారిగా మీద పడుతున్నాయని నాన్న తల పట్టుకునేవాడు. ఎవరైనా వస్తే పెట్టుకునేవాడు. అమ్మ మాట్లాడేటప్పుడు తీసి జేబులో వేసుకునేవాడు. నాకు బి.ఎడ్. సీటు వచ్చిందని చెప్పినప్పుడు కూడా తీసేసి, నా ముఖం చూసి, మళ్ళీ చెప్పించుకున్నాడు. అవ్వ పద్ధతుల గురించి ఇంక ఎత్తలేదు. ముక్కాలి పీట వసారాలోనే ఉండిపోయింది.

బిడ్డను పొలం కొసన పూడ్చారు. ఆ చోటు చూపించమని నాన్న ఆ శనివారమే అడిగాడట. నేల ఎండి, ఎక్కడిదక్కడ నెర్రెలిచ్చి ఉంది, వాన పడనీ అంది అమ్మ. జూలై రెండో వారంలో పెద్ద వాన పడింది. ఊరంతా వేరుశనగ విత్తనాలకు లేచింది. మరునాడు పొద్దున వాళ్ళిద్దరూ బయలుదేరారు. నేను వాకిట్లో నిలబడి చూశాను. పొలం దాకా పది నిమిషాల నడక. అమ్మ రెండడుగులు ముందు నడుస్తోంది. ఏదో చెప్పాల్సి వచ్చి ఆగింది, వెనక్కి తిరిగి, ఆయన ముఖంలోకి చూసి చెప్పింది. నాన్న జవాబిచ్చాడు. నాలుగడుగులు వేశారు. మళ్ళీ ఆగింది, మళ్ళీ తిరిగింది. ఆమెకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. చెరుకు తోట మలుపు దాకా పోయేలోపలే వాళ్ళు ఎన్నిసార్లు ఆగారో. పొద్దు బాగా పైకెక్కింది. వాళ్ళు ఇంకా పొలం చేరలేదు.